మేనకోడలికి జీతమేంది

మా వైపు షేర్ ఆటో ఎక్కితే పక్కన కూర్చున్న మనిషి మూడు సంగతులు అడగకుండా దిగడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, జీతమెంత. మొదటి రెండూ మూడోదానికి దారి తీయడానికే. దీంట్లో మొహమాటమేమీ ఉండదు. చెప్పేవాళ్లకూ ఉండదు, ఎందుకంటే నిజం ఎవరూ చెప్పరు. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లోడుంటే పెంచి చెబుతారు, రేషన్ కార్డు పోతుందని భయముంటే తగ్గించి చెబుతారు. అడిగినవాడు కూడా దానికి తగ్గట్టు కొంత కలుపుకునో తీసేసుకునో ఒక లెక్కకు వస్తాడు. ఇద్దరూ సంతోషంగా దిగిపోతారు.

నాకు మాత్రం అబద్ధమాడే అవసరం రాలేదు. రాచర్ల దగ్గర మా ఊరి నుంచి గిద్దలూరుకు ఏళ్ల తరబడి అట్లాగే ఆటోల్లో తిరుగుతున్నాను. అక్కడ ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు రాయడం నా పని. "ఎంతిస్తారు పాపా?" అని ఎవరన్నా అడిగితే, "మా మామ ల్యాబే" అనేదాన్ని. అంతటితో మాట ఆగిపోయేది. మామ దగ్గర పనిచేసే మనిషిని జీతం అడగడమంటే, మీ ఇంట్లో ఎవరెంత తింటారని అడిగినట్టు. అంత మాట మావాళ్లు కూడా అడగరు.

ఆయన నిజానికి నాకు మామేమీ కాదు. వాళ్లది వ్యాపారుల కుటుంబం, మాది సేద్యం. కులం వేరు, ఊరు వేరు. మా నాయన చిన్నప్పటి నుంచి వాళ్ల దుకాణంలోనే సరుకులు తెచ్చేవాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. ఎప్పుడో ఒకరు "బావా" అంటే ఇంకొకరు "బావా" అన్నారు. అప్పటి నుంచి ఆయన నాకు మామ, నేను ఆయనకు మేనకోడలిని. మా ప్రాంతంలో ఇదేమీ వింత కాదు. బస్సు కండక్టర్ అన్న, బ్యాంకు మేనేజర్ మామ, బాకీ వసూలుకు వచ్చిన మనిషి కూడా చిన్నాయనే. వరసలేని మనిషి మాకు తగలడు.

నంద్యాలలో ల్యాబ్ కోర్సు చదివి వచ్చేసరికి, ఆయన తన మందుల షాపు పక్కనే ల్యాబు తెరిచాడు. నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. అది నా మొదటి ఇంటర్వ్యూ. ఆయన నన్ను అడిగినవి ఇవి: అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినాయా, మీ వీధికి సిమెంటు రోడ్డు పడిందా, కాఫీ తాగుతావా టీ తాగుతావా. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాను. లేచేటప్పుడు నాయన కొంచెం నసిగాడు.

"బావా, పాపకు నెలకు ఏమన్నా..."

"ఏంది బావా నువ్వు! మేనకోడలికి జీతమేంది? మనింటి పిల్ల. నేను చూసుకుంటాలే."

నాయన మొహం చాటంత అయింది. ఇంటికొచ్చి అమ్మకు, పక్కింటివాళ్లకు, టీ బంకు దగ్గర దొరికినవాళ్లకు అందరికీ ఒకటే చెప్పాడు, "బావ చూసుకుంటానన్నాడు" అని. ఎంత అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చూసుకోవడమంటే ఎంతో నెల తిరిగాక తెలిసింది. మాత్రలు వేసిచ్చే బుల్లి కాగితం కవరులో ఐదు వేలు మడిచిపెట్టి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టాడు. పండక్కి వచ్చిన ఆడపిల్లకు పెట్టినట్టు పెట్టాడు. నేను కూడా అట్లాగే తీసుకున్నాను.

తర్వాత పెళ్లయితే ఒక వెయ్యి పెరిగింది. పెద్దది పుడితే ఒకటి, చిన్నోడు పుడితే ఒకటి. మధ్యలో ఎప్పుడో ఆయన కొత్తిల్లు కట్టుకున్న సంతోషంలో ఇంకొకటి. ఇంకో కాన్పు చేసుకునే ఓపిక నాకు లేక తొమ్మిది వేల దగ్గర ఆగిపోయింది.

ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ప్రతి ఉగాదికీ చీర పెట్టేవాడు. బాగుండేది చీర, నేను కొనుక్కునే ధైర్యం చేసే చీర కాదు. నాయనకు ఒకసారి గుండెలో నొప్పి వస్తే, ఎవరినీ అడగకుండా తన కారులో వేసుకుని కర్నూలు దాకా తానే నడుపుకుంటూ పోయాడు. అక్కడ రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో మాతో పాటు దోమల్లో పడుకున్నాడు. అది నేను మరిచిపోతే పుట్టగతులుండవు. మరిచిపోలేదు కాబట్టే ఆ తొమ్మిది ఎక్కువా తక్కువా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఏడాది మాత్రం ఇంట్లో పరిస్థితి బాగలేకపోయింది. మా ఆయన వేయించిన బోరు ఎండిపోయింది. దాని పక్కన ఇంకోటి వేయిస్తే దాంట్లో దుమ్ము వచ్చింది. ఉన్న గొర్రెలను కంభం సంతకు తోలి బోరు బండి వాళ్లకు కట్టాం. పక్కూరి మేస్త్రీ ఒకడు బెంగళూరుకు మనుషులను తీసుకుపోతూ, "నువ్వూ రా, వాచ్‌మన్ పని ఇప్పిస్తా, షెడ్డులో పడుకోవచ్చు" అని మా ఆయన వెంట పడ్డాడు. అప్పటికే మా వీధిలో మగవాళ్లు సగం మంది బెంగళూరు షెడ్లలోనే ఉన్నారు.

"నెలకు ఇంకో పది వేలు వస్తా ఉంటే నేనెందుకు పోతా మే?" అన్నాడు మా ఆయన. "ఈడనే కౌలుకేదో చేసుకుంటా. పిల్లోళ్లను నేను చూసుకోకపోతే నువ్వు ల్యాబుకు పోయేదెట్ల?"

వచ్చే నెల ఒకటో తేదీకి బయలుదేరాలని మేస్త్రీ గడువు పెట్టాడు. మా ఆయన అటక మీంచి బ్యాగు దించి దులిపి పెట్టాడు. పిల్లలు దాంట్లో దూరి ఆడుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే ల్యాబుకు కొత్త మిషను వచ్చింది. థైరాయిడ్ పరీక్ష ఇంతకుముందు ఒంగోలు పంపేవాళ్లం, ఇప్పుడు ఇక్కడే చేయొచ్చు. దాంతో పని పెరిగింది. నేనొక్కదాన్నే సరిపోవడం లేదు. పొద్దున్నే పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చినవాళ్లు మెట్ల మీద దాకా కూర్చుని, ఆకలికి నన్ను తిడుతున్నారు. ఇంకో టెక్నీషియన్‌ని పెట్టాలని మామ తీర్మానించాడు. మొదట కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వేయించాడు, "ఆకర్షణీయమైన జీతం" అని. దానికి ఆకర్షితులైన వాళ్లు ఫోన్లు చేశారు. ఫోను ఎత్తగానే అందరిదీ ఒకటే మాట. ఒంగోలు నుంచి చేసినామె అయితే, "ఊరు ఏదో తర్వాత చెప్పండి మేడం, ముందు జీతం ఎంతో చెప్పండి" అంది. నేను పోయి మామను అడిగితే, "మనిషిని చూడకుండా ఎట్ల చెప్తాం? రమ్మను, చూసుకుంటాం అను" అన్నాడు. నేను అట్లాగే చెప్పేదాన్ని. చూసుకుంటాం అన్నాక మళ్లీ ఒక్కరు ఫోన్ చేస్తే ఒట్టు.

విసిగిపోయి ఆయన ఫ్లెక్సీ కొట్టించాడు. దాంట్లో జీతం అంకెలతో సహా వేయించాడు, ఫోన్ల బాధ తప్పుతుందని. ఫ్లెక్సీ వచ్చిన రోజు నన్ను బయటికి పిలిచాడు.

"కోడలా, ఆ కొస పట్టుకో. వంకర లేకుండా కట్టాల."

ఆయన ఎడమవైపు స్టూలెక్కాడు. నేను కుడివైపు కుర్చీ ఎక్కాను. ఎడమవైపు ల్యాబు పేరు, మిషను బొమ్మ, తెల్లకోటు వేసుకున్న ఎవరో తెల్ల పిల్ల ఉన్నాయి. కుడివైపు ఉన్నది జీతం. పద్దెనిమిది వేల నుంచి ఇరవై రెండు వేల వరకు. ఎర్రటి అంకెలు, ఒక్కొక్కటి నా అరచేయంత ఉన్నాయి. ఆ కొస పట్టుకుని, "ఇంకొంచెం పైకా మామా?" అని నేనే అడిగాను.

"పైకి పోనీ," అన్నాడు.

పైకి పోనిచ్చాను. తాడు కట్టేసి కిందికి దిగాక ఇద్దరం రోడ్డుకు అవతలికి పోయి నిలబడి చూశాం. "బాగుంది గదా?" అన్నాడు. ఆయన మొహం మీద ఒక్క గీత కూడా కదలలేదు. దాపరికం గల మనిషి మొహం కాదది. ఆ అంకెలు నా కంట పడతాయని, పడితే నాకేదో అనిపిస్తుందని, ఆయన తలలోకే రాలేదు. అదంతా బయటివాళ్ల సంగతి. సున్నం వేయించేటప్పుడు కూలీ ఎంతో ఇంటి కోడలి ముందరే మాట్లాడుకుంటాం కదా, అట్లా. నాకు కోపం రావడానికి కూడా కొంచెంసేపు పట్టింది. వచ్చాక మాత్రం, ఓయమ్మ, అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫ్లెక్సీ మీద వేసిన ఫోన్ నంబరు ల్యాబుదే. ఆ ఫోను ఎత్తేది నేనే. ఆ వారమంతా ఒక చేత్తో రక్తం గొట్టాలు తిప్పుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, నంద్యాల నుంచి, పామూరు నుంచి, మార్కాపురం నుంచి చేసినవాళ్లందరికీ వినయంగా చెప్పాను: పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వేలండి. అవునండి, అనుభవాన్ని బట్టి అండి. లేదండి, కోర్సు అయిపోయి ఏడాది అయినా పరవాలేదండి. ఒకాయన, "ఇరవై రెండే కదా, కొంచెం చూడండి మేడం" అని బతిమాలాడు. తొమ్మిది వేల మనిషి ఇరవై రెండు వేలు చాలదనే మనిషిని ఎట్లా ఓదార్చాలో నాకు తెలియలేదు. ఆదివారం రమ్మన్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "మరింకేంది? అడుగు!"

"ఎట్ల అడిగేది?"

"ఎట్లంటే? నోటితో అడుగు."

ఆయనకు చెప్పడం తేలిక. రెండు వీధుల అవతల ఉన్న మా నాయన దగ్గరికి పోయాను, ఆయనతో ఒక మాట వేయించవచ్చని. నాయన వినీ వినకముందే చేతులడ్డం పెట్టాడు.

"తప్పమ్మా! కర్నూలుకు తీసకపోయిన మనిషి. ఆయన లేకపోతే నేనీడ కూర్చోని ఉండేవాడినా? ఆ మనిషితో జీతం బేరం ఆడతావా? నా మొగం యాడ పెట్టుకోవాల?"

"అల్లుడు బెంగళూరు పోతాడంట నాయనా."

"పోతే పోనీ. అందరూ పోవడంలే?"

నాకు ఏడుపొచ్చింది. నాయన మీద కోపంతో కూడా కాదు. ఆయన చెప్పింది నాకూ నిజమే అనిపిస్తోంది, అందుకు వచ్చింది. మామా అని పిలుస్తూ ఆ మాట అడగడానికి నా నోరు పెగలదు. ఎన్నిసార్లు అడగబోయినా చివరికి "మామా, అత్త బాగుందా?" అని బయటపడేదాన్ని. ఆ వారంలోనే అత్త బాగోగులు నేను నాలుగైదుసార్లు కనుక్కుని ఉంటాను. ఆమెకేమన్నా జబ్బేమో, రిపోర్టు చూసి తనకు చెప్పకుండా దాస్తున్నానేమో అని మామకే అనుమానం వచ్చింది.

ఆదివారం ఇంటర్వ్యూకు ఎనిమిదిమంది దాకా వచ్చారు. నెలకోసారి వచ్చే డాక్టరు గదిలో మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బయట కౌంటర్లో బిల్లులు రాసే ఆమె ఒక్కొక్కరినే పేరు పిలిచి లోపలికి పంపుతోంది. ఆమె నా కన్నా కొంచెం చిన్నది, నా కన్నా రెండేళ్ల తర్వాత చేరింది. మామను పెదనాయనా అంటుంది, నన్ను వదినా అంటుంది. మా ఇద్దరికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క. దానికి ఇటు రక్తం, అటు డబ్బు.

వచ్చినవాళ్లు ధీమాగా కాళ్ల మీద కాళ్లు వేసుకుని కూర్చున్నారు. లోపలికి పోతూనే "గుడ్ మార్నింగ్ సార్" అంటున్నారు. "సార్, ఆదివారాలు లీవేనా?" "సార్, రూము ఇస్తారా?" "సార్, ఇరవై రెండుకు పైన ఏమన్నా..." తలుపు సందులోంచి అంతా వినిపిస్తోంది. ఒక్కరికి కూడా నోరు తడబడలేదు. వాళ్ల అమ్మలకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయో లేవో ఆయన అడగలేదు. అక్కడే నాకు తెలివొచ్చింది. వాళ్లు నా కన్నా గట్టివాళ్లేమీ కాదు, ఆయనతో వాళ్లకు వరస లేదు, అంతే.

ల్యాబులోకి పోయి నా సర్టిఫికెట్లు పెట్టుకున్న ఎక్స్-రే కవరు తెచ్చుకుని, వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. కౌంటరామె నన్ను చూసి నోరు తెరిచింది.

"ఏంది వదినా, ఈడ కూర్చున్నావు?"

"నన్నూ పిలువు. పేరు పెట్టి పిలువు."

ఆమె అటూ ఇటూ చూసి, నవ్వాలో వద్దో తెలియక, మొత్తానికి పిలిచింది. నేను లోపలికి పోయాను.

"వచ్చినావా కోడలా, రెండు టీలు చెప్పు. ఆ పామూరామె పరవాలేదు. ఇరవై చెప్పినా. వచ్చినాక మిషను నువ్వే నేర్పాల."

"గుడ్ మార్నింగ్ సార్," అన్నాను.

ఆయన నా వెనక ఎవరన్నా వచ్చారేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేరు. నేను కవరులోంచి సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టాను. 

"ఏంది ఈ నాటకం?"

"బయట కట్టింది చూసి వచ్చినాను సార్. కోర్సు నంద్యాలలో చేసినా. అనుభవం ఈడనే. మీకు తెలిసిన ల్యాబే."

ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. మెడ ఎర్రబడింది.

"నీకేం తక్కువ చేసినా నేను? ఉగాదికి చీర పెట్టలేదా? మీ నాయన్ను కర్నూలుకు తీసకపోలేదా? మీ ఇంట్లో ఎవరికి పరీక్ష చేసినా రూపాయి ముట్టినానా?"

"ముట్టలేదు సార్. అవన్నీ మామ చేసినాడు. మామకు చచ్చేదాకా దండం పెడతా. జీతం సంగతి సార్‌ను అడగడానికి వచ్చినా."

"ఇద్దరూ ఒకటే గదే!"

"ఒకటైతే తొమ్మిది వేలు యాడనుంచి వచ్చె సార్? పామూరామెకు ఇరవై అంట. ఆమెకు నేర్పే మనిషికి తొమ్మిదంట."

ఆయన కుర్చీ మళ్లీ ముందుకు జరిపాడు. బల్ల మీద ఉన్న నా సర్టిఫికెట్లు తీసి చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి చూడడం. మార్కులు కూడా చూశాడు. మంచి మార్కులే. నాకు మా ఆయన, బ్యాగు, ఆ బ్యాగులో దూరి ఆడుకునే పిల్లలు గుర్తొచ్చి, ఇంక ఆగలేక చెప్పేశాను. "బోర్లు రెండూ పోయినయి సార్. ఒకటో తేదీకి మా ఆయన బెంగళూరు పోతాడంట. ఇంకో పది వేలుంటే పోడు. అంతే. నాకు వేరే ఆశ లేదు."

"ఈ మాట ముందే చెప్పుంటే ఇచ్చేవాణ్ని గదా? ఒక పది వేలు కావాలి మామా అంటే కాదంటానా?"

"ఒకసారి ఇస్తావు మామా. నెలనెలా వచ్చి నేనెట్ల అడుక్కునేది?"

మామా అనేశాను. అనుకోకుండా నోటికి అదే వచ్చింది. సర్దుకుని మళ్లీ సార్ అనలేకపోయాను. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరు చెప్పారో, టీ పిల్లోడు రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. తాగమని ఆయన అనలేదు, నేను తాగలేదు.

"ఇరవై," అన్నాడు చివరికి. "వచ్చే నెల నుంచి. కానీ ఒక మాట. ఇది నీకూ నాకూ మధ్యలో ఉండాల. ఆ కౌంటర్‌లో పిల్లకు తెలిసిందా, ఇంక నాతో కాదు. ఆమె వస్తాది, ఆమెను చూసి మందుల షాపులో పిల్లోడు వస్తాడు. నేను ల్యాబు మూసేసి కాశీకి పోవాల."

"సరే సార్," అన్నాను. ఇరవై కోసం ఆ పూట దేనికైనా సరే అనేదాన్ని.

ఇంటికి పోయి చెబితే మా ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. బ్యాగు మాత్రం అటక మీద పెట్టలేదు. "డబ్బులు చేతికి రానీ," అన్నాడు. మేస్త్రీకి కూడా పోను అని చెప్పలేదు, చూస్తా అన్నాడు. మా ఇంట్లో ఎవరి నోటి నుంచి ఆ మాట వచ్చినా నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

మర్నాడు ల్యాబులో, పరగడుపు జనం అయిపోయాక, కౌంటరామె ప్లైవుడ్ చెక్క పక్కనుంచి తల పెట్టింది.

"వదినా, నిన్న ఏమన్నాడు పెదనాయన?"

"ఏమంటాడు, ఏం లేదు."

"నాకు చెప్పకూడదా?"

ఆమె ఊరికే అడిగింది, నిష్ఠూరంగా కూడా అడగలేదు. నేను సూదుల డబ్బా సర్దుతున్నట్టు నటించాను. చెబితే ఇరవై పోవచ్చు. ఇరవై పోతే ఒకటో తేదీ మా ఆయన బండెక్కుతాడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇన్నేళ్లు ఏం జరిగిందో అదే జరుగుతుంది. ఈమె చెక్కకు అవతల, నేను ఇవతల, ఇద్దరం ఒకే మనిషిని ఒకరు మామా ఒకరు పెదనాయనా అంటూ కూర్చుంటాం. ఆ ఫ్లెక్సీ లేకపోతే నాకు మాత్రం ఎవరు చెప్పేవాళ్లు? నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇరవై చేసినాడు," అన్నాను. "నిన్నటిదాకా తొమ్మిది."

ఆమె బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "నీకు పదిహేనన్నా ఉంటాదనుకున్నా వదినా, చదివినదానివి కదా" అంది. "నాకు ఐదున్నర."

నేను ఎనిమిది అనుకున్నాను. నిజంగా. నాతో సమానంగా పొద్దున్నే వచ్చి, సాయంత్రం తాళం వేసి పోయే మనిషి. ఆమె పిల్లకు జ్వరమొస్తే నేను రక్తం తీశాను, మా చిన్నోడి పుట్టినరోజుకు ఆమె కేకు తెచ్చింది. ఆమె జీతం ఎంతో నాకు తెలియదు. ఆమె కుర్చీలోంచి లేచి, కొంగు సర్దుకుని, నేరుగా లోపల గదిలోకి పోయింది. తలుపు మూసుకుంది. లోపలి నుంచి "సార్" అని వినిపించింది.

 అయిపోయింది, ఈ రాత్రికే బ్యాగు సర్దుతాడు అనుకున్నాను. కాసేపటికి ఆమె బయటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ తన కుర్చీలో కూర్చుంది. వెనకే పిలుపు వచ్చింది. పేరు పెట్టి పిలిచాడు. ఆయన నోట నా పేరు ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

పోయి నిలబడ్డాను.

"చెప్పినావా?"

"చెప్పినాను సార్."

"చెప్పొద్దన్నా గదా?"

"అన్నారు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోపంగా ఉంటాడనుకుని పోయాను, కానీ ఆయన కోపంగా లేడు. ఆయనదీ మా నాయన ఈడేనని ఒక్కసారిగా కనిపించింది.

"నీ ఇరవై ఉంటాది. మాటిచ్చినాక తీసుకోను. మొగుణ్ని బెంగళూరు పంపియ్యొద్దు. డబ్బులకు కాదు నా బాధ. ఇన్నేళ్లు వీడు నాకు తక్కువిస్తా ఉండాడని లోపల అనుకుంటా, పైకి మామా మామా అన్నావే, దానికి బాధ."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఆపుకోలేదు.

"అట్ల ఎప్పుడూ అనుకోలేదు. తక్కువ అని నాకు తెలిస్తే గదా? ఫ్లెక్సీ కట్టిన రోజు తెలిసింది. ముందే తెలిసుంటే ముందే అడిగేదాన్ని. మామా అనే అడిగేదాన్ని."

ఆయన తల వంచుకున్నాడు. బల్ల మీది కళ్లద్దాలను ఊరికే ఇటూ అటూ జరిపాడు. బయట ఎవరో పేషెంటు దగ్గుతున్నాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుని పోబోతుంటే, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పిల్లకు ఎంతైతే న్యాయం అంటావు?"

"నన్నెందుకు అడుగుతారు? బయటే ఉంది. ఆమెనే అడగండి."

అడిగాడు.